ప్రాణవాయువు మోతాదు ఎవరు తేల్చారు?

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాలో పీడనం కాసేపు పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే పదకొండు మంది కొవిడ్ రోగులు చనిపోయారు. ఆ ఎండాకాలమంతా సిలిండర్ కోసం, కాన్సంట్రేటర్ కోసం జనం ఊరూరా తిరిగారు. పల్స్ ఆక్సీమీటర్ వేలికి తగిలించుకుని అంకె చూసుకోవడం అక్షరం రానివారికి కూడా అలవాటైంది. ఆక్సిజన్ అందకపోతే మనిషి నిలవడని అంత కఠినంగా మనకు ఇంకేదీ నేర్పలేదు. అయితే ఆ అనుభవం మనలో సగం నిజాన్నే నాటి వెళ్లింది. ఆక్సిజన్ ఎంత పెడితే అంత మేలు అనే నమ్మకం బలపడింది. నిజానికి ఆక్సిజన్ కూడా ఒక మందే. దానికీ మోతాదు ఉంది, తక్కువైతే ఒక హాని, ఎక్కువైతే ఇంకో హాని ఉన్నాయి. ఎవరికి పెట్టాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత దగ్గర ఆపాలి అనే ప్రశ్నలకు వైద్యులు ఊహించి చెప్పిన జవాబులు చాలాసార్లు తప్పని తేలాయి. సరైన జవాబులు వచ్చింది మాత్రం రోగులు, వారి కుటుంబాలు క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే చికిత్సలను రోగుల మీద పోల్చి చూసే పరీక్షల్లో, చేరినందువల్లే. అందుకే ఊపిరి సంబంధమైన జబ్బు ఉన్న ఇంట్లో తగిన ట్రయల్ ఉందేమో వెతకడం, అది ఏమిటో అర్థం చేసుకుని చేరడమో కాదనడమో చేయడం వైద్యం పొందడంలో భాగమేనని నా వాదన. ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్లే ముందు సాక్ష్యం చూడాలి.

అన్నిటికన్నా బాధాకరమైన సాక్ష్యం నెలలు నిండని పిల్లల కళ్లది. 1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ అనే కంటి వైద్యుడు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కనుపాప వెనుక తెల్లని పొర కట్టి చూపు పోతున్న జబ్బును తొలిసారి వర్ణించాడు. తర్వాతి పన్నెండేళ్లలో ప్రపంచం మొత్తం మీద సుమారు పదివేల మంది పిల్లలు అలా అంధులయ్యారని అంచనా. ఆ జబ్బు పేద ఆసుపత్రుల్లో కనిపించేది తక్కువ. ఆక్సిజన్ నిండుగా అందించే కొత్త ఇంక్యుబేటర్లు కొనగలిగిన పెద్ద ఆసుపత్రుల్లోనే అది ఎక్కువగా కనిపించేది. 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ ఆక్సిజన్‌నే అనుమానించింది. అదే కాలంలో వాషింగ్టన్‌లో ఆర్నల్ పాట్జ్ అనే యువ వైద్యుడు కొందరు పిల్లలకు ఎప్పటిలా ఎక్కువ ఆక్సిజన్, కొందరికి అవసరమైనంత మాత్రమే ఇచ్చి పోల్చి చూడాలనుకున్నాడు. ప్రభుత్వ నిధులు కోరితే, పసిబిడ్డలకు ఆక్సిజన్ తగ్గించడం అనైతికమని దరఖాస్తు తిరస్కరించారు. అన్న దగ్గర అప్పు తెచ్చి పని మొదలుపెట్టాడు. తక్కువ ఆక్సిజన్ వంతు వచ్చిన పిల్లల మీద జాలితో కొందరు నర్సులు రాత్రిపూట వాల్వు తిప్పి ఎక్కువ పెట్టేవారట. ఆ నర్సుల ప్రేమలో ఏ లోపమూ లేదు. వాళ్లకు తెలియనిదల్లా ఆ ప్రేమే బిడ్డ చూపు తీస్తోందని. 1953లో పద్దెనిమిది ఆసుపత్రులు కలిసి పెద్ద ట్రయల్ చేపట్టాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఫలితం బయటికొచ్చేసరికి అనుమానానికి తావు లేకపోయింది.

ఎందుకలా జరుగుతుందో తర్వాత అర్థమైంది. తల్లి కడుపులో బిడ్డ రక్తంలో ఆక్సిజన్ మనకున్నంత ఉండదు. ఆ కొరతే రెటీనాలోని రక్తనాళాలను ఇంకా పెరగమని పురమాయించే సంకేతం. నెలలు నిండకముందే బయటికొచ్చిన బిడ్డకు ఒక్కసారిగా ఆక్సిజన్ ఎక్కువైతే ఆ సంకేతం ఆగిపోతుంది, నాళాల పెరుగుదల మధ్యలోనే నిలిచిపోతుంది. రెటీనా మాత్రం ఎదుగుతూనే ఉంటుంది. కొన్ని వారాలకు దానికి ఆక్సిజన్ చాలక సంకేతం ఈసారి మితిమీరి వెలువడుతుంది. అడ్డదిడ్డంగా బలహీనమైన నాళాలు పుట్టుకొస్తాయి, అవి కారి, మచ్చకట్టి, రెటీనాను గుంజి ఊడదీస్తాయి.

కథ అంతటితో ముగిసి ఉంటే, తక్కువ ఆక్సిజనే మంచిదన్న సులువైన పాఠం మిగిలేది. ముగియలేదు. 1954 తర్వాత వైద్యులు భయపడి నెలలు నిండని పిల్లలందరికీ ఆక్సిజన్ గట్టిగా బిగించారు. అంధత్వం తగ్గింది, కానీ ఊపిరి చాలక, మెదడు దెబ్బతిని పోయే పిల్లలు పెరిగారు. 1973లో కెన్నెత్ క్రాస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లెక్కవేసి, ఒక బిడ్డ చూపు కాపాడినందుకు పదహారు మంది ప్రాణాలు మూల్యంగా చెల్లించి ఉంటారని అంచనా కట్టాడు. మరి సరైన మోతాదు ఏది? అది తేలడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 24 నుంచి 27 వారాల మధ్య పుట్టిన 1316 మంది పిల్లలతో అమెరికాలో జరిగిన ‘సపోర్ట్’ ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 85 నుంచి 89 మధ్య ఉంచిన బృందంలో బతికిన పిల్లల్లో తీవ్రమైన కంటి జబ్బు 8.6 శాతం, 91 నుంచి 95 మధ్య ఉంచిన బృందంలో 17.9 శాతం. మరణాల విషయంలో లెక్క తిరగబడింది. తక్కువ ఆక్సిజన్ బృందంలో 19.9 శాతం, ఎక్కువ బృందంలో 16.2 శాతం. వివిధ దేశాల్లో జరిగిన ఇలాంటి ట్రయల్స్ అన్నిటినీ కలిపి, దాదాపు ఐదువేల మంది పిల్లల వివరాలతో 2018లో చేసిన విశ్లేషణలోనూ ఇదే ధోరణి కనిపించింది. ఇప్పుడు నవజాత శిశువులకు ఇంటెన్సివ్ కేర్ ఇచ్చే చాలా ఎన్‌ఐసీయూల్లో తొంభై పైన, తొంభై ఐదు లోపల అన్న గీత పాటిస్తూ, కళ్లను క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 1990ల చివరి నుంచే నవజాత శిశు విభాగాలకు వెళ్లి ఈ పరీక్షలు చేస్తూ వచ్చారు. 85కీ 95కీ మధ్య తేడా ఎంత చిన్నదో చూడండి. ఏ వైద్యుడూ, ఎంత అనుభవమున్నా, తన వార్డులోని పిల్లలను చూసి ఆ తేడా పట్టుకోలేడు.

పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే జరిగింది. గుండెపోటు రోగికి మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇవ్వడం వందేళ్లకు పైగా ఆచారం. ఆరోగ్యవంతుడి రక్తంలో హిమోగ్లోబిన్ ముందే 97 శాతం దాకా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. పైన ఎంత పోసినా రక్తంలోకి చేరేది స్వల్పమే, పైగా అధిక ఆక్సిజన్ గుండె రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. 2017లో స్వీడన్‌లో 6629 మందితో చేసిన ట్రయల్‌లో, ఆక్సిజన్ శాతం 90కి తగ్గని గుండెపోటు అనుమానిత రోగుల్లో సగం మందికి ఆక్సిజన్ ఇచ్చారు, సగం మంది మామూలు గాలే పీల్చారు. ఏడాదిలో చనిపోయినవారు ఒక వైపు 5.0 శాతం, ఇంకో వైపు 5.1 శాతం. అంటే ఇన్నాళ్లూ పెట్టిన మాస్కు వాళ్లకు ఏ మేలూ చేయలేదు. పొగ వల్లనో ధూళి వల్లనో ఊపిరితిత్తులు దెబ్బతిన్న సీఓపీడీ రోగుల్లో సంగతి ఇంకా తీవ్రం. టాస్మానియాలో 2010లో ప్రచురించిన ట్రయల్‌లో, అంబులెన్స్‌లో ఎడాపెడా ఆక్సిజన్ పెట్టిన బృందంలో 9 శాతం మంది చనిపోతే, 88 నుంచి 92 శాతం దగ్గర నిలిచేలా కొలిచి పెట్టిన బృందంలో 4 శాతమే చనిపోయారు. ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు వాళ్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవడం దీనికి ముఖ్య కారణమని భావిస్తారు. అదే సీఓపీడీ ముదిరి, విశ్రాంతిలో కూడా ఆక్సిజన్ బాగా తగ్గిపోయినవారికి రోజుకు పదిహేను గంటలకు పైగా ఇంట్లో ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్ ట్రయల్స్ చూపాయి. ఓ మోస్తరుగా మాత్రమే తగ్గినవారికి అలాంటి లాభం లేదని 2016లో 738 మందితో చేసిన ట్రయల్ తేల్చింది. ఒకే వాయువు ఒక రోగికి ప్రాణం, ఒక రోగికి వృథా, ఇంకో రోగికి ప్రమాదం.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. మంచి డాక్టరుకు తన రోగికి ఏది మంచిదో తెలిసి ఉండాలి గదా, చీటీ తీసి ఎవరికి ఏ చికిత్సో తేల్చడం ఏం వైద్యం? ఈ ప్రశ్న అడిగేవారిని నేను తప్పుపట్టను, భయంలో ఉన్న మనిషి మొదట అడిగేది ఇదే. కానీ పైన చెప్పిన ప్రతి సందర్భంలోనూ మంచి డాక్టర్లు తమకు తెలుసనే అనుకున్నారు. ఆక్సిజన్ ఎక్కువ పెట్టించుకున్న రోగులు కోలుకుంటే దాని పుణ్యమన్నారు, చనిపోతే జబ్బు ముదిరిందన్నారు. ఎక్కువ జబ్బున్నవారికే ఎక్కువ ఆక్సిజన్ పెడతారు కాబట్టి, వార్డు రికార్డులు చూసి మేలూ కీడూ తేల్చడం ఎవరి వల్లా కాదు. చీటీ తీసినట్లు రెండు బృందాలుగా విడదీస్తే వయసు, జబ్బు తీవ్రత, డబ్బు, డాక్టరు అభిమానం అన్నీ రెండు వైపులా ఇంచుమించు సమానమవుతాయి. అప్పుడు మిగిలే తేడా చికిత్స తెచ్చిందే. ఇలా విడదీయడం న్యాయమయ్యేది ఒకే షరతు మీద. రెండు చికిత్సల్లో ఏది మెరుగో వైద్య సమాజానికి నిజంగా తెలియకూడదు. తెలిసీ ఒకరికి తక్కువ రకం చికిత్స ఇస్తే అది నేరమే.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది: మమ్మల్ని ప్రయోగశాల ఎలుకలను చేస్తారు, లేకపోతే ఉత్త గాలి పెట్టి కూర్చోబెడతారు. దీనికి సాక్ష్యంతో జవాబు చెప్పవచ్చు. ట్రయల్‌లో చేరిన రోగులను, బయట అలాంటి చికిత్సే పొందిన రోగులతో పోల్చిన అధ్యయనాలను 2008లో కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష కూడగట్టి చూస్తే ఫలితాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. చేరినందువల్ల ప్రత్యేకంగా మేలూ లేదు, కీడూ లేదు. 2012లో వచ్చిన మరో సమీక్ష, ట్రయల్స్‌లో కొత్త చికిత్స పాతదానికన్నా మెరుగని తేలేది సగం కన్నా కాస్త ఎక్కువ సార్లేనని చూపింది. అంటే కొత్త మందు వంతు వచ్చినవాడు అదృష్టవంతుడనీ, పాతది వచ్చినవాడు దగాపడ్డాడనీ ముందే అనుకోవడానికి ఆధారం లేదు. ఇక ఉత్త గాలి సంగతి. తీవ్రమైన జబ్బు చివరి దశలో ఆయాసపడుతున్నా రక్తంలో ఆక్సిజన్ మరీ పడిపోని 239 మందిలో కొందరికి ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి, రెండూ ఒకే రకం గొట్టంతో ముక్కు దగ్గర వదిలిన ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. రెండు బృందాల్లోనూ ఆయాసం తగ్గింది, తేడా కనిపించలేదు. ముక్కుకు తగిలే గాలి కదలికే హాయినిచ్చి ఉండవచ్చు. ఆ సంగతి తెలిశాక, ఇంట్లో మంచం పక్కన ఫ్యాను పెట్టమని వైద్యులు ధైర్యంగా చెప్పగలుగుతున్నారు.

కొవిడ్ మొదటి ఏడాది మన కళ్ల ముందే జరిగిన ప్లాస్మా కథ కూడా ఇదే చెబుతుంది. ఆక్సిజన్ శాతం పడిపోతున్న రోగికి కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే బతుకుతారని దాతల కోసం కుటుంబాలు ఫోన్ల మీద ఫోన్లు చేశాయి, డబ్బూ పోశాయి. 2020 ఏప్రిల్, జులై మధ్య భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మందితో ట్రయల్ నడిపింది. జబ్బు ముదిరినవారు, చనిపోయినవారు కలిపి ప్లాస్మా బృందంలో 19 శాతం, ప్లాస్మా లేని బృందంలో 18 శాతం. ఆ 464 మంది ఒప్పుకోకపోయి ఉంటే ఆ పరుగులు ఇంకెన్నాళ్లు సాగేవో. ఆ ఫలితం వచ్చాక కూడా ప్లాస్మా మన చికిత్సా మార్గదర్శకాల నుంచి తొలగింది 2021 మేలోనే అన్నది వేరే విచారం.

విదేశాల్లో ఎవరో ట్రయల్స్ చేస్తున్నారు గదా, ఆ ఫలితాలు వాడుకుంటే సరిపోదా అనేవారూ ఉన్నారు. సరిపోదని చెప్పడానికి పుట్టుకలో ఊపిరందని పిల్లల ఉదాహరణ చాలు. పుట్టగానే ఏడవని బిడ్డకు నూరు శాతం ఆక్సిజన్ పెట్టాలన్నది ఒకప్పటి ప్రపంచ సూత్రం. మామూలు గాలితో సరిపోతుందేమోనని మొదట రోగుల మీద పోల్చి చూసినది ఢిల్లీలో. అక్కడి వైద్యుడు సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వే వైద్యుడు ఓలా సాగ్‌స్టాడ్ కలిసి 84 మంది పిల్లలతో చేసిన ఆ అధ్యయనం 1993లో వచ్చింది. 1998లో భారత్ సహా ఆరు దేశాల్లో 609 మందితో రెండోది వచ్చింది. పుట్టిన తేదీ సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి బృందాలు విడదీశారు కాబట్టి దాని పద్ధతిలో బలహీనత ఉంది. అయినా మరికొన్ని అధ్యయనాలు తోడై, నెలలు నిండిన పిల్లలకు మామూలు గాలితోనే మొదలుపెట్టాలని 2010లో అంతర్జాతీయ మార్గదర్శకాలు మారాయి. మన పిల్లలతో వచ్చిన జవాబు ప్రపంచానికి ఉపయోగపడింది. దీనికి తిరగబడ్డ ఉదాహరణా ఉంది. ఊపిరందక మెదడు దెబ్బతిన్న బిడ్డ శరీరాన్ని 33.5 డిగ్రీలకు చల్లబరిచి 72 గంటలు ఉంచడం సంపన్న దేశాల్లో రుజువైన చికిత్స. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది పిల్లలతో చేసిన హెలిక్స్ ట్రయల్ 2021లో చూపినదేమిటంటే, ఇక్కడ చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం మంది చనిపోయారు, చల్లబరచని పిల్లల్లో 31 శాతం. అక్కడ బతికించిన చికిత్సే ఇక్కడ ప్రాణాలు తీసింది. ఈ ట్రయల్ జరగకపోయి ఉంటే ఆ చికిత్స మంచి ఉద్దేశంతోనే మన ఆసుపత్రులన్నిటికీ పాకేది. పల్స్ ఆక్సీమీటర్ విషయం చూసినా ఇంతే. 2020 చివరలో అమెరికాలో ప్రచురించిన పరిశీలనలో, పరికరం 92 నుంచి 96 శాతం చూపుతున్నా రక్తంలో నిజంగా 88 శాతం కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. చర్మపు రంగు ముదిరినకొద్దీ వెలుతురుతో కొలిచే ఆ పరికరం పొరబడుతోంది. ఏ చర్మాల మీద పరీక్షించామన్నది ఎంత ముఖ్యమో దీనితో తెలుస్తుంది.

ఇంత చెప్పినా మిగిలే అభ్యంతరం నమ్మకానికి సంబంధించినది. తెలుగువారికి అది గాలిమాట కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన కార్యక్రమంలో, ఆశ్రమ పాఠశాలల పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. టీకా వేయించుకున్న కొందరు పిల్లలు చనిపోయాక 2010లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ తేల్చినా, సమ్మతి తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. సంపన్న దేశాలూ ఇందుకు అతీతం కావు. నేను పైన గౌరవంగా ఉదహరించిన సపోర్ట్ ట్రయల్‌లోనే, ఒక బృందంలో మరణం, ఇంకో బృందంలో అంధత్వం పెరిగే అవకాశం ఉందని సమ్మతి పత్రాలు తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పలేదని అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ కార్యాలయం 2013లో ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ సరికాదని వాదించిన వైద్యులూ ఉన్నారు. తల్లిదండ్రుల పక్షాన నిలబడి చూస్తే ఆక్షేపణే న్యాయమనిపిస్తుంది నాకు. ట్రయల్ అవసరమైనదే కావచ్చు, అందులో ఏముందో బిడ్డ తల్లికి తెలియడం అంతకన్నా తక్కువ అవసరం కాదు. ఇలాంటి ఉదంతాలు, సుప్రీంకోర్టు జోక్యం కలిసి మన చట్టాన్ని మార్చాయి. 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల కలిగిన గాయానికి ఉచిత వైద్యం, మరణానికి లేదా వైకల్యానికి సూత్రం ప్రకారం లెక్కగట్టిన పరిహారం ఇవ్వాలి. తీవ్రమైన దుష్ఫలితాన్ని 24 గంటల్లో నివేదించాలి. చదువురాని వ్యక్తి నుంచి సమ్మతి తీసుకునేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన అమలవుతుందని నేననను. ఆ నియమం ఉందని తెలిసిన కుటుంబం ముందు మాత్రం దాన్ని తప్పించుకోవడం కష్టం.

మరి వెతకడం ఎలా? మన దేశంలో మనుషుల మీద జరిగే ట్రయల్స్ నమోదయ్యే చోటు ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్‌ఐ, అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా. 2007 జులైలో మొదలైంది. 2009 జూన్ నుంచి ఔషధ నియంత్రణ సంస్థ నమోదును తప్పనిసరి చేసింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు కావాలన్న పట్టింపు వచ్చింది. దానిలో వెతకడానికి రుసుము లేదు, ఖాతా అక్కర్లేదు. వివరాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, అది పెద్ద లోటు. ఇంట్లో చదువుకునే పిల్లలో, పరిచయమున్న నర్సో తోడుంటే గట్టెక్కవచ్చు. ఆక్సిజన్ అని వెతికితే పనికిరానివి బోలెడు వస్తాయి. జబ్బు పేరుతో వెతకాలి: సీఓపీడీ, ఊపిరితిత్తులు గట్టిపడే ఐఎల్‌డీ, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, ఊపిరితిత్తుల రక్తపోటు, నెలలు నిండని పిల్లల కంటి జబ్బు ఆర్‌ఓపీ, ఇలా. దొరికిన ప్రతి నమోదులో ముందు చూడాల్సింది రోగులను ఇంకా చేర్చుకుంటున్నారా, ముగిసిందా అన్నది. తర్వాత ఏయే ఊళ్లలో, ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోంది, బాధ్యుడైన వైద్యుడు ఎవరు, పరిశోధన నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా, డబ్బు ఎవరు పెడుతున్నారు అన్నవి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతిలాంటి బోధనాసుపత్రులున్న ఊళ్ల పేర్లు అక్కడే కనిపిస్తాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు 2000 నుంచి నడుస్తున్న క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే ప్రభుత్వ రిజిస్ట్రీ ఉంది, బ్రిటన్‌లో ఉన్నవారికి ‘బీ పార్ట్ ఆఫ్ రీసెర్చ్’ అనే జాతీయ సేవ ఉంది. ఒక్క హెచ్చరిక అన్నిటికీ వర్తిస్తుంది. రిజిస్ట్రీలో పేరుంటే ప్రభుత్వం దాన్ని పరిశీలించి మంచిదని ముద్ర వేసినట్టు కాదు. ఫలానా పని చేయబోతున్నామని బహిరంగంగా చెప్పినట్టు మాత్రమే. ఇంట్లో దొరికిన వివరాన్ని ఇప్పుడు చూస్తున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చర్చించాలి. ఆయనకు తెలియకుండా వెళ్లి చేరితే మందులు ఒకదానికొకటి అడ్డుపడే ప్రమాదం ఉంది.

నమోదులో అందరూ చూడకుండా దాటేసే భాగం అర్హతల పట్టిక. నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం. ఆక్సిజన్ శాతం ఇంత లోపు ఉండాలి, వయసు ఇంత, పొగ మానేసి ఇన్ని నెలలు, కిడ్నీ జబ్బు ఉండకూడదు, ఇలాంటివి ఉంటాయి. చేర్చుకోలేదంటే తిరస్కరించారని బాధపడేవారున్నారు, కానీ ఆ గీతలు ఊరికే గీసినవి కావు. ఈ గీతల విలువ 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ చూపింది. డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మీదున్నవారి మరణాలను 26.2 నుంచి 23.3కి తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ లాభమూ కనిపించలేదు, కీడు జరిగి ఉండవచ్చన్న సూచన కూడా ఉంది. రోగి ఆక్సిజన్ మీదున్నాడా లేడా అన్న ఒక్క గీత మందును మేలు నుంచి అనుమానంలోకి మార్చింది. ఆ గీత పట్టించుకోకుండా మరుసటి ఏడాది జ్వరం రాగానే స్టెరాయిడ్ మింగినవారికి, మింగించినవారికి ఈ ఫలితం ఏ సమర్థనా ఇవ్వలేదు.

చేరే ముందు అడగాల్సిన ప్రశ్నలు సంకోచించకుండా అడగాలి. నేను చేరకపోతే నాకు అందే చికిత్స ఏది? చీటీలో ఏ వంతు వస్తే ఏం చేస్తారు? ఇప్పుడు ఇంట్లో వాడుతున్న కాన్సంట్రేటర్ గంటలు తగ్గిస్తారా? ఎన్నిసార్లు రావాలి, బస్సు ఖర్చు, పోయిన కూలి ఎవరిస్తారు? ధమని నుంచి రక్తం ఎన్నిసార్లు తీస్తారు? అది నొప్పి గల పరీక్ష, అడగడం తప్పు కాదు. నాకేమైనా అయితే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? చివరి ప్రశ్నకు పేరూ నంబరూ ఉన్న జవాబు రాకపోతే ఆ ట్రయల్‌కు దూరంగా ఉండటమే మేలు. ఇప్పటికే అనుమతి ఉన్న చికిత్సను, ఉదాహరణకు ఆక్సిజన్ మోతాదును, కళాశాల వైద్యులు పోల్చి చూసే అకడమిక్ ట్రయల్‌కు ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి అవసరం లేకుండా ఎథిక్స్ కమిటీ అనుమతితోనే నడిపే వీలుంది. అలాంటి చోట గాయమైతే ఖర్చు ఎవరిది, బీమా ఉందా అని ప్రత్యేకంగా అడిగి, జవాబు సమ్మతి పత్రంలో రాసి ఉందో లేదో చూసుకోవాలి. పత్రం తెలుగులో ఉండాలి, సంతకం చేసిన ప్రతి మీ చేతికి రావాలి, ఇంటికి తీసుకెళ్లి నలుగురితో మాట్లాడే వ్యవధి ఇవ్వాలి.

డబ్బు కట్టమంటే అక్కడే ఆగిపోవాలి. పరిశోధన కోసం అదనంగా అయ్యే ఖర్చు రోగి మీద వేయకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అధిక పీడనపు గదిలో కూర్చోబెట్టి ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ చికిత్స సముద్రంలో లోతుకు దిగి పైకొచ్చిన డైవర్ల జబ్బుకు, కార్బన్ మోనాక్సైడ్ విషానికి, మానని కొన్ని మధుమేహ పుండ్లకు పనికొస్తుంది. దాన్ని ఆటిజానికి మందుగా అమ్మడంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. అయినా బిడ్డ కోసం ఏదైనా చేయడానికి సిద్ధపడ్డ తల్లిదండ్రుల దగ్గర పరిశోధన పేరు చెప్పి సిట్టింగుకు ఇంతని వసూలు చేసేవాళ్లు పుట్టుకొస్తూనే ఉంటారు. పోల్చడానికి ఇంకో బృందం లేనిది, రిజిస్ట్రీలో కనిపించనిది, ఎథిక్స్ కమిటీ పేరు చెప్పనిది ట్రయల్ కాదు, అమ్మకం.

ఊపిరాడని స్థితిలో ఉన్న మనిషి పత్రం చదివి ఆలోచించలేడు కాబట్టి, ఆక్సిజన్ ట్రయల్స్‌లో చాలావాటికి సమ్మతి ఇచ్చేది భార్యో, కొడుకో, అప్పుడే ప్రసవించిన తల్లో అవుతారు. వాళ్లు కంగారులో సంతకం చేసి ఉండవచ్చు. అందుకే రోగి తేరుకున్నాక అతనికి మళ్లీ వివరించి అతని సమ్మతి అడగడం పరిశోధకుల బాధ్యత. ఏ దశలోనైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆగకూడదు. ముగిశాక ఫలితం అడిగి తెలుసుకునే హక్కు కూడా చేరినవారికి ఉన్నట్టే మనం వ్యవహరించాలి. నమోదు సంఖ్యను డిశ్చార్జి కాగితాలతో పాటు దాచుకుని, ఏడాదో రెండేళ్లో గడిచాక రిజిస్ట్రీలో అదే సంఖ్య కొట్టి ఫలితం వచ్చిందేమో చూడండి. కనిపించకపోతే ఆ వైద్యుడికి, ఎథిక్స్ కమిటీకి తెలుగులోనే ఒక ఉత్తరం రాసి, మా బిడ్డనిచ్చి చేయించిన పరీక్షలో ఏం తేలిందని అడగండి.